ఆరింటి సైరన్

ఏమండీ,

కూర పొయ్యి మీదే ఉంది, వేడి చేసుకుని తినండి. పదింటికి కుళాయి బాగుచేసే అతను వస్తాడు, మొద్దునిద్ర పోయి తలుపు తీయకుండా ఉండకండి. అమ్మాయి స్కూలు నుంచి మూడింటికి వస్తుంది.

నిన్న సాయంత్రం మీరు డ్యూటీకి వెళ్ళాక, ఉతుకుదామని మీ చొక్కా తీసి జేబు చూస్తే ఒక కాగితం దొరికింది. అమ్మాయి కాలేజీ కోసం బ్యాంకులో వేసిన డిపాజిట్ కూడా తీసేసి, మీ కంపెనీ షేర్లే కొన్నారని ఆ కాగితంలో ఉంది. ఇంతవరకూ కన్ను మూతపడితే ఒట్టు.

"ఫోర్‌మన్నే కొనకపోతే నా కిందవాళ్ళు కొంటారా" అని పోయినేడు బోనసంతా అందులోనే పోశారు. అప్పుడు నోరు మూసుకున్నాను. ఇప్పుడు జీతమూ అక్కడే, దాచుకున్నదీ అక్కడే. మీ బాబాయి సంగతి మరిచిపోయారా? ఆయన మిల్లు మూతపడ్డ రోజే జీతం ఆగింది, ఆ రోజే షేర్లూ చిత్తుకాగితాలయ్యాయి. ఆయన్ని ఓదార్చడానికి వెళ్ళింది మనమే కదండీ.

అమ్మినంత మాత్రాన యజమానికి ద్రోహం చేసినట్టు కాదు. కనీసం అమ్మాయి డబ్బైనా ఇవాళే వెనక్కి తీసుకోండి. మిమ్మల్ని దెప్పాలని కాదు, నాకు భయంగా ఉంది.

పనికి బయల్దేరి చెప్పులేసుకున్నదాన్ని మళ్ళీ లోపలికొచ్చి ఇది రాస్తున్నా. గోడ గడియారంలో ఆరుంపావు అయింది, మీ షిఫ్టు దిగే ఆరింటి సైరన్ ఇంకా వినపడలేదు. గడియారమే ముందు నడుస్తోందని మనసుకి సర్దిచెప్పుకుంటున్నా. అదీ మీ కంపెనీ ఇచ్చిందేగా.