అమావాస్య నాడు ఆపిన లోడు

మేడ్చల్ జిల్లా కలెక్టర్ గారి దివ్యసముఖమునకు,

లాల్‌గడి మలక్‌పేట్ నివాసి, దూలపల్లి ఇనుప సామాను కర్మాగారంలో స్టోరు ఇన్‌ఛార్జి బాలనర్సయ్య వ్రాసుకొను అర్జీ.

విషయం: గల్ఫ్ దేశంలో మరణించిన నా తమ్ముడు ధర్మేందర్ మరణ కారణం సరిచేయించుట గురించి.

అయ్యా,

1. నా తమ్ముడు అక్కడ కడుతున్న దవాఖానలో పరంజా కట్టే పని చేసేవాడు. ఆ పరంజా గొట్టాలను బిగించే క్లాంపులు మా కర్మాగారం నుండే పోతాయి. అక్కడ సామాను నిల్వ పెట్టుకోరు. వచ్చిన లోడు వచ్చినట్టే వాడుకుంటారు.

2. కార్తీక అమావాస్య నాడు లోడు సిద్ధమైనది. ఆ దినం బండి కదపడం మంచిది కాదని నేనే లారీని ఆపించితిని. మరునాడు పంపితే ముంబయి రేవులో ఓడ తప్పినది. తరువాతి ఓడ తొమ్మిది రోజులకు గాని లేదు.

3. ఆ రెండో ఓడ ఇంకా దారిలో ఉండగా తమ్ముడు ఫోన్ చేసినాడు. “అన్నా, క్లాంపులు ఎప్పుడొస్తయే? గీడ పాతవాటికి తీగ చుట్టి ఎక్కుతున్నం. జారుతున్నయ్, మస్తు పరేషాన్ ఉంది” అన్నాడు. “వస్తున్నయ్‌రా, రెండు దినాలు ఓపిక పట్టు” అన్నాను. మరునాడే ఏడో అంతస్తు నుండి పడిపోయినాడు. ఏం ఓపిక పట్టమంటిని సారూ!

4. శవంతో వచ్చిన కాగితంలో “స్వీయ నిర్లక్ష్యము” అని వ్రాసినారు. వాని బిడ్డ శృతి అది చదివి, “పెదబాపూ, మా బాపు లాపర్వగ పడ్డడా?” అని అడిగినది.

కావున తమరు రాయబార కార్యాలయమునకు వ్రాసి, ఆ మాట కొట్టివేయించి, సామాను ఆలస్యమువలన మరణించినాడని, ఆలస్యమునకు బాధ్యుడు బాలనర్సయ్య అని వ్రాయించవలెను. లారీ పంపిన తేదీ గల స్టోరు రిజిస్టరు నకలు జతపరచినాను. ఏ శిక్షకైనా సిద్ధమే. తమరు చిత్తగించి నా తమ్మునికి ఆ నింద తప్పించవలెను.

తమ విధేయుడు,
బాలనర్సయ్య

తా.క.: లారీ నేనే ఆపినానన్నది నిజమే. ఆపమన్నది మా అమ్మ పద్మమ్మ. “తమ్ముడు ఎక్కే సామాను బిడ్డా, అమాస నాడు పంపకు. నా కొడుకు పైలంగ ఉండాలె” అన్నది. తమ్ముడు పోయినంక, లోడు ఆమె మాటకు కాదు, బండి చెడిపోయి ఆగిందని ఆమెకు చెప్పిన. విచారణకు మీ వాళ్లు ఇంటికొస్తే అదే చెప్పుమనుండ్రి సారూ, మీ కాళ్లు మొక్కుత.