మొదటి గాజు నాదే

నగరి, 12-3-79

అమ్మకు చౌడేశ్వరి నమస్కారాలు. పిల్లలు చాలని చేయించుకున్న ఆపరేషన్ కుట్లు మానాయి. రాట్నం ముందు ఎక్కువసేపు కూర్చుంటే నడుము లాగుతుంది, అంతే.

చెల్లెలు పంకజాక్షి సీమంతానికి నన్ను పిలవవద్దని మేనత్త పట్టుబడుతోందని తెలిసింది. “ఆపరేసన్ అయినదాని సెయ్యి కడుపుతో ఉండే పిల్లకి తగలకూడదు” అనిందంట. ఆ పూట నాకు అన్నం సయించలేదు. మరునాటికి కోపం వచ్చింది. ముగ్గురు బిడ్డలకు నీళ్లు పోసి పెంచిన చెయ్యి ఇది.

నేను వస్తున్నాను. పంకజాక్షికి మొదటి గాజు నేనే తొడుగుతాను. దాని చేతులు నీరు పట్టి ఉంటే కొత్త కొలత రాయించు, గాజులు ఇక్కడే కొంటాను. నాయనకు దగ్గు తగ్గిందా?

ఈ సంగతి కవరులో పెట్టకుండా కార్డు మీద రాసింది నలుగురూ వినాలనే. మేనత్తను పక్కన కూర్చోబెట్టుకుని నాయన చేత గట్టిగా చదివించు. ఆమెకూ నా నమస్కారాలు.

చౌడేశ్వరి