కొమ్ము పిడి కత్తి

రాజమహేంద్రవరం,
18 ఆగస్టు 2025, సోమవారం.

మన సంఘంలో పెద్దవారు, నాకు తల్లిలాంటివారు అయిన జ్ఞానమ్మ గారికి, ప్రభువు పేరిట మీ బ్రదర్ రాజేంద్ర తల వంచి రాస్తున్న వందనాలు. ఇక్కడ నేనూ హెలెనూ క్షేమం. మీ మోకాలి వాపు తగ్గిందని తలుస్తాను. గోదారి పోటు మీద ఉంది, ఇక్కడ ఘాట్ల మెట్లు సగం మునిగాయి. కడియంలో మొక్కల లారీలు తెగ తిరుగుతున్నాయట.

ఫోనుండగా ఉత్తరమేంటి అనుకుంటారు. నా గొంతు మీకు తెలుసు కదమ్మా, మైకు లేకపోయినా నాలుగు వీధులు వినిపిస్తుంది. ఆ గొంతుతో చెబితే ఇది కూడా ప్రసంగమైపోతుంది. అందుకే కాగితం.

ఈ ఉత్తరం తెచ్చిన హెలెన్ సంచిలో తెల్ల రుమాల్లో చుట్టిన వస్తువు ఒకటుంది. ముందు అది తీసుకోండి. మీ నాన్నగారి అంట్లు కట్టే కత్తి అది. గోదాట్లో లేదు. ఏనాడూ లేదు.

జూన్ రెండో ఆదివారం ప్రసంగంలో నేను, మనుషులు గుండెల్లో దాచుకున్న విగ్రహాల మీద మాట్లాడాను. పొద్దున్నే లేచి దేవుడి కంటే ముందు దేన్ని కళ్ళకద్దుకుంటున్నావు, బొడ్లో దోపుకున్నదా, కొంగున కట్టుకున్నదా, తీసి ఇక్కడ పెట్టు అని బల్ల గుద్దాను. ఎవరూ కదల్లేదు. మీరు లేచారు. బొడ్లోంచి మడత కత్తి తీసి బల్ల మీద పెట్టారు. ఇదేనండి బ్రదర్ గారూ, రోజూ మా నాన్నని తలుచుకుని కళ్ళకద్దుకుని పనిలోకి దిగుతానండి, ఇది విగ్రహమని నాకు తెలీదండి అన్నారు. మందిరంలో ఏడవనివాళ్ళు లేరు. సాయంత్రానికల్లా గోదాట్లో పడేస్తానని అందరి ముందూ చెప్పాను.

వెళ్ళాను. రోడ్డు కం రైలు వంతెన మీద నిలబడి ఒక కత్తి విసిరాను. అది మా కొట్లో తుప్పు పట్టి పడి ఉన్న ప్లాస్టిక్ పిడిది. కత్తి గోదాట్లో పడేశాను అన్న మాట అబద్ధం కాకూడదని అదొకటి. ఇలాంటి తెలివి నాకు వాక్యం నేర్పలేదు, నేనే నేర్చుకున్నాను.

నేను సాన పట్టే కొట్టువాణ్ణని మీకు తెలుసు. మా బీరువాలో అరవై ఒక్క మడత కత్తులున్నాయని తెలీదు. ఫోనులో మాకొక గ్రూపుంది. ఒకరు జిట్రేగి చెక్క పిడి కత్తి ఫోటో పెడతారు, ఒకరు ఎముక పిడిది, ఇంకొకరు ఇత్తడి పిడిది. పిడికి కొట్టిన మేకులు రెండా మూడా, మడిచినప్పుడు చప్పుడు ఎలా ఉంది అని పూటంతా వాదించుకుంటాం. బడి ఏడో తరగతితో ఆపేసినవాణ్ణి, అక్కడ నా మాటకి పెద్ద పెద్దవాళ్ళు విలువిస్తారు. ధవళేశ్వరం గున్నేశ్వరరావు గారైతే మీ కత్తి ఫోటో చూసి, ఈ ప్యాటర్న్ చెయ్యడం కమ్మరులు మానేసి నలభై ఏళ్ళు దాటిందండి, చేజారనివ్వకండి అన్నారు.

నిజంగా అందమైనదమ్మా. నల్లటి దున్నకొమ్ము పిడి, వెలుతురుకి పెడితే అంచున తేనె రంగు చార. ఒక కొసన మొగ్గ కోసే బ్లేడు, రెండో కొసన బెరడు లేపే ఎముక ముక్క. మీ బొటనవేలు రాసీ రాసీ ఆ ఎముక ఒక పక్క పల్లం పడింది. ఆ పల్లంలో నా వేలు పెట్టి చూసుకున్నాను. కుదరలేదు. ఆ రోజైనా బుద్ధి రావాల్సింది.

హెలెన్ బీరువా సర్దుతూ చూసింది. ఊళ్ళోవాళ్ళ విగ్రహాలన్నీ మనింటికే కాపురానికొచ్చాయేంటండీ అంది. తిట్టాను.

మీరు మాత్రం వేమగిరిలోనూ జేగురుపాడులోనూ సాక్ష్యం చెప్పారు. నా బొడ్లో కత్తి సంగతి ఈయనకి ఎవరూ చెప్పలేదండి, దేవుడే చెప్పాడండి అని. అప్పట్నుంచి జనం నన్ను చూసే చూపు మారింది. కూటాలకి పిలిచి ముందు కుర్చీ వేస్తున్నారు. కూర్చుంటున్నాను.

మొన్న శుక్రవారం సాన పట్టిన కత్తెరలు ఇవ్వడానికి మీ నర్సరీకి వచ్చాను. గులాబీ అంట్ల దగ్గర మీరు లేరు. అవతల కూలి పిల్లలతో కూర్చుని సంచుల్లో మట్టి నింపుతున్నారు. మీ యజమాని మీనాకుమారి గారిని అడిగాను. జ్ఞానమ్మ కట్టిన అంటు నూటికి నాలుగు కూడా పోయేవి కాదండి, కొత్త కత్తి చేతికి రావట్లేదు, ఈ రెండు నెలల్లో సగానికి సగం ఎండిపోయాయి, నాకూ మనసొప్పలేదు కానీ ఏం చెయ్యనండి అన్నారు.

మీరేమో నన్ను చూసి మట్టి చేతులు చీరకి తుడుచుకుంటూ లేచారు. దేవుడు అడిగాడు ఇచ్చేశాను, నాకేం బాధ లేదండి, ఈ చెయ్యి మళ్ళీ కుదిరేలా ప్రార్థన చెయ్యండి బ్రదర్ గారూ అన్నారు. నేను మీ చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని, పెద్ద గొంతుతో ప్రార్థన చేశాను. మీ కత్తి మా బీరువాలో పెట్టుకుని, మీ చేతి కోసం ప్రార్థన చేశాను.

మందలున్న ధనవంతుడు, పేదవాడికున్న ఒక్క గొర్రెపిల్లని లాక్కున్న కథ నేను ఎన్ని ఊళ్ళలో చెప్పానో లెక్కలేదు. విని మండిపడ్డ రాజుతో, ఆ మనిషివి నువ్వే అని ప్రవక్త అన్న సంగతి మీకు తెలుసు. అరవై ఒకటి ఉన్నవాడికి మీ ఒక్కటి కావాల్సి వచ్చింది.

కత్తి ఇంటికొచ్చింది కాబట్టి మీ చెయ్యి దారిలో పడుతుంది. మీనాకుమారి గారితో నేనే మాట్లాడి, మిమ్మల్ని మళ్ళీ గులాబీల దగ్గర కూర్చోబెట్టమని అడుగుతాను. దాన్ని కళ్ళకద్దుకోండి. కన్నతండ్రిని తలుచుకోవడం విగ్రహారాధన కాదు. అది తెలిసే ఆ రోజు అలా అరిచాను. వచ్చే ఆదివారం అందరి ముందూ నిలబడి ఇదంతా చెబుతాను. ఆ తర్వాత నన్ను చాప మీద కూర్చోనిస్తారో, గుమ్మం బయట నిలబెడతారో సంఘం ఇష్టం.

మీ చేత బ్రదర్ గారూ అనిపించుకునే అర్హత పోగొట్టుకున్న
రాజేంద్ర

తా.క. సంతకం పెట్టేశాక కూడా చెయ్యి ఊరుకోవట్లేదు. పైన రాసినదాంట్లో అసలుది లేదు. దేవుడు నాకేమీ చెప్పలేదమ్మా. ఆ ఆదివారానికి ముందు మంగళవారం కత్తెరల కోసం మీ నర్సరీకి వచ్చి, మొక్కల నీడకి కట్టిన పచ్చ వల వెనక నిలబడి, మీరు ఆ కత్తిని కళ్ళకద్దుకోవడం చూశాను. మీరు నన్ను చూడలేదు. అక్కణ్ణుంచే ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. గున్నేశ్వరరావు గారు ఆ మాటన్నది అప్పుడే. బుధవారం మొదలుపెట్టి శనివారం దాకా కూర్చుని ఆ ప్రసంగం రాశాను. బొడ్లో దోపుకున్నదా అన్న మాట మీ కోసం రాసిందే. ఆ రోజు మీరు లేవకపోతే తర్వాతి ఆదివారానికని రెండోది కూడా రాసి పెట్టుకున్నాను. అది ఇంకా గట్టిది.