తీగ మీది పూత

అక్కయ్యకు నమస్కారాలు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. కొట్టు నిండా కాలిపోయి కొత్త తీగ చుట్టాల్సిన మోటార్లే. వేడి పెరిగిన కొద్దీ నా కాళ్లూ వేళ్లూ మరీ మొద్దుబారుతున్నాయి. జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్ అట. ఒంటికి కాపలా ఉండాల్సిన శక్తే పొరబడి నరాల మీది పూతను తినేస్తోందని డాక్టరు చెప్పాడు.

"అయితే పాతది పీకేసి కొత్తది చుట్టెయ్యండి సార్" అన్నాను.

ఆయన నవ్వాడు. "ఇది మోటారు కాదయ్యా. మందు వాడితే జబ్బు నెమ్మదిస్తుంది గాని, పోయింది తిరిగి తేలేం."

మొన్న నేను చుట్టిన మోటారు స్విచ్ వెయ్యగానే పొగలు కక్కింది. నాతో పనిచేసే బావమరిది విప్పి చూశాడు.

"తీగ మీద పూత గీసుకుపోయింది బావా, నీ వేలికి తగల్లేదా?"

"లేదురా."

మోటారు తెచ్చిన రైతు నా తూలే నడక చూసి, "పొద్దున్నే పుచ్చుకుంటే వేళ్లకేం తెలుస్తుంది?" అన్నాడు. బావమరిది కూడా నవ్వాడు. జబ్బని చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను. రైతు వెళ్లాక, "ఇకనుంచి చుట్టే పనంతా నువ్వే చూడాలిరా, లేకపోతే కొట్టు మూసుకోవాలి" అన్నాను.

మీ పొలం మోటారు ఇక్కడికి పంపొద్దు. అక్కడే ఎవరి చేతనైనా చేయించు. అమ్మకు నాది నీరసమని మాత్రమే చెప్పు. ఆమె కంటి ఆపరేషన్ అయిందా? బావగారి పాత చేతికర్ర ఉంటే ఇటు వచ్చేవాళ్లతో పంపు. పిల్లలకు ఆశీస్సులు.

బావమరిది వేరే కొట్లో పనికి కుదిరాడు. ఈ ఉదయం తన పనిముట్లు సర్దుకుని వెళ్లిపోయాడు.