చక్రాలు లేని గదికి ఇన్సూరెన్స్

సేజ్ కూలీ, మోంటానా
ఏప్రిల్ 2, 1996

టంబుల్ బ్యూట్ మ్యూచువల్ ఇన్సూరెన్స్ కంపెనీ వారికి వెండల్ హాకడే నమస్కరించి రాయునది.

అయ్యా, లేదా అమ్మా, ఈ కవరు ఎవరు చించితే వారు,

నాకు డెబ్బై రెండేళ్లు. నలభై ఏళ్లు గోధుమల లారీ తోలాను. ఇంటికీ పికప్ బండికీ మీ దగ్గరే ఇన్సూరెన్స్. ఇన్నేళ్లలో మిమ్మల్ని ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదు. ఇప్పుడు పెడతాను.

మొన్న ఒక క్యాంపర్ కొన్నాను. పికప్ వెనక తొట్టిలోకి జరిపి, నాలుగు గొలుసులతో బిగించుకునే గది అది. లోపల మంచం, గ్యాసు పొయ్యి, మోకాళ్లు మడవగలిగిన వాళ్లకి మరుగుదొడ్డి. దీనికి మే 20 లోపల ఇన్సూరెన్స్ కావాలి. ఆ రోజు నుంచి నేనూ మా ఆవిడ నోరీనూ వాషింగ్టన్ రాష్ట్రంలో సముద్రం ఒడ్డున ఒక క్యాంపు స్థలం చూసుకోవాలి. జీతం లేదు, వేసవంతా ఉండటానికి చోటిస్తారు. వచ్చినవాళ్లకి కట్టెలివ్వడం, కుక్కల్ని కట్టేసుకోమని చెప్పడం మా పని. ఇన్సూరెన్స్ కాగితం లేకపోతే గేటు దాటనివ్వం అన్నారు.

నోరీన్ చూపు మధ్యలోంచి పోతోంది. పక్కనున్నది కనిపిస్తుంది, ఎదురుగా ఉన్నది కనిపించదు. చలికాలం దాకా ఈ మాత్రం నిలిస్తే గొప్పేనన్నాడు డాక్టరు. ముప్పై ఏళ్లు బడిపిల్లలకి వండిపెట్టిన మనిషి, సముద్రం ఎలా ఉంటుందో ఎరగదు. ఈ వేసవి దాటితే చూపించీ లాభం లేదు. అందుకే ఇంత తొందర.

ఇట్లు, మీ పాత ఖాతాదారు,
వెండల్ హాకడే

తా.క.: ఫోన్ చేయొచ్చు కదా అంటారేమో. చేశాను. ఒకటి నొక్కమన్నారు, నొక్కాను. రెండు నొక్కమన్నారు, నొక్కాను. తొమ్మిది దాకా వెళ్లాక మళ్లీ ఒకటి నొక్కమన్నారు.

*

ఏప్రిల్ 9, 1996

శ్రీ వెండల్ హాకడే గారికి,

మీ ఉత్తరం అందింది. మీ కొత్త వాహనానికి మా కంపెనీని ఎంచుకున్నందుకు ధన్యవాదాలు. దయచేసి దాని ఇంజను నంబరు, నంబరు ప్లేటు, నాలుగు టైర్ల ఫోటోలు పంపగలరు.

భవదీయురాలు,
ఆర్లీన్ కొవాసిక్
వాహనాల విభాగం

తా.క.: టైర్ల గాడులు స్పష్టంగా కనిపించాలి.

*

ఏప్రిల్ 13, 1996

ఆర్లీన్ కొవాసిక్ గారికి,

దానికి ఇంజను లేదు. టైర్లూ లేవు. నంబరు ప్లేటు కోసం రవాణా ఆఫీసుకి వెళ్తే అక్కడి పిల్ల నన్ను చూసి నవ్వి, పెట్టెలకి ప్లేటివ్వం తాతగారూ అంది.

మీరు అడిగారు కాబట్టి, టైర్లు ఉండాల్సిన నాలుగు చోట్లా ఫోటోలు తీసి పంపుతున్నాను. నాలుగింటిలోనూ గడ్డే. మావైపు ఎవరైనా చేరాల్సిన చోటు చేరగానే క్యాంపర్ కింద నాలుగు జాకీలు నిలబెట్టి, పికప్‌ని కిందనుంచి లాగేస్తారు. గడ్డిమోపులు తేవాలి, కట్టెలు తేవాలి, బండి ఖాళీగా ఉండొద్దూ. ఇప్పుడు అది మా పెరట్లో జాకీల మీద ఉంది.

ఇట్లు,
వెండల్ హాకడే

తా.క.: మూడో ఫోటోలో గాడులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అవి పక్కింటి ఆవువి.

*

ఏప్రిల్ 18, 1996

శ్రీ హాకడే గారికి,

మీ ఫోటోలను మా విభాగం పరిశీలించింది. చక్రాలు లేనిది వాహనం కాదు, బండిలో వేసుకున్న సరుకు అవుతుందని, సరుకుకు మేము బాధ్యులం కామని మా పై అధికారి తేల్చారు. అయితే అందులో మంచం, పొయ్యి ఉన్నాయని రాశారు కనుక మీ దరఖాస్తును ఇళ్ల విభాగానికి పంపాము. అక్కడ ఉండేది ఒక్కరే, వారూ సెలవులో ఉన్నందున ఆ పనీ నేనే చూస్తున్నాను. జతచేసిన అరవై నాలుగు ప్రశ్నలకు జవాబులు పంపగలరు.

భవదీయురాలు,
ఆర్లీన్ కొవాసిక్
వాహనాల విభాగం, ప్రస్తుతం ఇళ్ల విభాగం

తా.క.: ప్రతి ప్రశ్నకు నిజాయితీగా జవాబు ఇవ్వగలరు. లేనిచో పాలసీ చెల్లదు.

*

ఏప్రిల్ 22, 1996

ఆర్లీన్ గారికి,

నేను అబద్ధం ఆడను. మావైపు అబద్ధం ఆడితే మళ్లీ మొహం చూపించడానికి ఇంకో మనిషి ఉండడు, అంత తక్కువ జనం. అరవై నాలుగింటికీ రాశాను. కొన్నిటికి గళ్లు చాల్లేదు గనుక ఇక్కడ వివరిస్తున్నాను.

7. ఇంటి కింద ఏముంది? ఒక్కోసారి పికప్. ఒక్కోసారి గడ్డి.

19. మంటలార్పే నీటి గొట్టానికి ఇల్లు ఎంత దూరం? ఆ రోజు ఎటు వెళ్తున్నామన్న దాన్నిబట్టి.

33. ఇంట్లో రోజూ ఎవరు నిద్రపోతారు? నేను. మార్చి నుంచి. గురక పెడుతున్నానని నోరీన్ పంపేసింది.

58. ఇల్లు ఎప్పుడైనా కదిలిందా? మీరు భూకంపం గురించి అడుగుతున్నారని తెలుసు. కానీ నిజాయితీగా చెప్పమన్నారు కాబట్టి, మంగళవారం కదిలింది.

నోరీన్ నిన్న గోడ గడియారం ముందు నిలబడి, ముళ్లు ఎవరు పీకేశారని అడిగింది. త్వరగా చూడండి.

ఇట్లు,
వెండల్ హాకడే

తా.క.: 41వ ప్రశ్న, ఇంట్లో ఎన్ని మెట్లున్నాయి. ఒకటి. అదీ పాల డబ్బా తిరగేసి పెట్టింది.

*

మే 2, 1996

శ్రీ హాకడే గారికి,

చెప్పడానికి విచారిస్తున్నాను. ఏప్రిల్ 29న మా తనిఖీ అధికారి మీ చిరునామాకు వచ్చారు. పెరట్లో ఉందని మీరు రాసిన ఇల్లు పెరట్లో లేదు. నాలుగు గుంటలు మాత్రం ఉన్నాయి. కనుక ఇల్లు పోయినట్లు నమోదు చేశారు. తిరుగుదారిలో అదే ఇల్లు గంటకు యాభై మైళ్ల వేగంతో తమకు ఎదురొచ్చిందనీ, లోపలినుంచి కాఫీ వాసన వచ్చిందనీ కూడా రాశారు. ఈ రెండు వాక్యాలూ ఒకే నివేదికలో ఉండటం వల్ల అది విచారణ విభాగానికి వెళ్లింది.

ఇంకొక సంగతి. మీరు మార్చి నుంచి క్యాంపర్లో నిద్రపోతున్నారు గనుక, మీ అసలు ఇంట్లో ఇంటి యజమాని కాపురం లేనట్టు లెక్క. విచారణ ముగిసేదాకా ఆ ఇంటి పాలసీని నిలిపివేశారు.

భవదీయురాలు,
ఆర్లీన్ కొవాసిక్
వాహనాల విభాగం, ఇళ్ల విభాగం, ఈ సోమవారం నుంచి విచారణ విభాగం

తా.క.: నిలిపివేయవద్దని రాసింది నేనే. నిలిపివేయమని సంతకం పెట్టాల్సి వచ్చిందీ నేనే.

*

మే 7, 1996

ఆర్లీన్ గారూ,

కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. క్యాంపర్‌కి కాగితం అడిగితే ఇంటి కాగితం పోయింది. బండి మీద ఉంటే సరుకంటారు, కింద ఉంటే ఇల్లంటారు, మళ్లీ ఎక్కిస్తే దొంగతనమంటారు. ఆ రోజు గొలుసులు సరిగ్గా బిగిశాయో లేదో చూద్దామని ఊరి దాకా వెళ్లొచ్చాను. కాఫీ నోరీన్ పెట్టింది. ఆ తప్పుకి ఏ శిక్ష వేసినా ఒప్పుకుంటాను.

నేనింక అలసిపోయాను. పదమూడు రోజులుంది. ఆ లోపల కాగితం రాకపోతే వేరే జంటని చూసుకుంటామని క్యాంపు స్థలం వాళ్లు ఉత్తరం రాశారు. నిన్న రాత్రి నోరీన్ నా భుజం తడిమి, పోనీలే వెండల్, బొమ్మల్లో చూశాంగా అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. పెరట్లోకి వెళ్లి ఏడిచాను. ఎక్కడ ఏడిచానన్నది మీ విచారణకి పనికొస్తే, క్యాంపర్లో.

ఇక సెలవు.
వెండల్

తా.క.: తనిఖీకి వచ్చినాయన టోపీ మా కంచె మీద మర్చిపోయాడు. దానికి ఇన్సూరెన్స్ ఉందా.

*

మే 11, 1996

వెండల్ గారూ,

ఇది ఆఫీసు కాగితం కాదు, గమనించండి. మా వంటింటి బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఈ కంపెనీలో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. మీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. శుక్రవారం భోజనం మానేసి మా నిబంధనల పుస్తకాలన్నీ తిరగేశాను.

వ్యవసాయ విభాగంలో దొరికింది. కదిలించగల కోళ్లగూడు. చక్రాలు అక్కర్లేదు, పునాది అక్కర్లేదు, బండి మీదున్నా నేల మీదున్నా ఏ రాష్ట్రంలో ఉన్నా చెల్లుతుంది. గూట్లో మనుషులు పడుకోకూడదని ఎక్కడా లేదు, నాలుగుసార్లు చూశాను. ఒక్కటే షరతు, కనీసం ఒక కోడి ఉండాలి. పాలసీ కాగితం ఇందులోనే పెట్టాను. మీ ఇంటి పాలసీని కూడా మళ్లీ తెరిచాను, నేను విచారణ విభాగాన్ని కదా, విచారించాను.

వెళ్లండి. ఆవిడకి చూపించండి.

మీ మేలు కోరే,
ఆర్లీన్

తా.క.: కోడి బతికున్నదై ఉండాలి. అది కూడా నిబంధనల్లో ఉంది. ఎవరో ఒకరు ప్రయత్నించి ఉంటారు.

*

మే 16, 1996

అమ్మా ఆర్లీన్,

నువ్వనొచ్చా? నా కూతురి వయసుంటుందని నీ చేతిరాత చూసి అనుకుంటున్నాను. పక్కింటివాళ్ల దగ్గర కోడిని అరువు తెచ్చాను. పేరు బెర్నీస్. రేపు తెల్లారి బయల్దేరుతున్నాం. నోరీన్ కొత్త కోటు ఇస్త్రీ చేసుకుంది.

నీ రుణం తీరేది కాదు,
వెండల్

తా.క.: బెర్నీస్ నా దిండు మీదే పడుకుంటోంది. నా గురకకి అభ్యంతరం చెప్పని ఆడది ఇదొక్కతే.

*

వాషింగ్టన్ తీరం
మే 22, 1996

ఆర్లీన్ గారికి నోరీన్ హాకడే నమస్కరించి రాయునది.

అక్షరాలు వంకర పోతే మన్నించండి. గీతకి పక్కన చూస్తూ రాస్తే తప్ప గీత కనిపించదు. వెండల్‌కి రాయడానికి ధైర్యం చాల్లేదు, బండిలో తలవంచుకుని కూర్చున్నాడు.

ఇరవయ్యో తేదీ మధ్యాహ్నానికే చేరాం. గేటు దగ్గరి మనిషి మీ కాగితం చదివి, "కోళ్లగూడా?" అన్నాడు. వెండల్ నిజమే చెప్పాడు. "ఇక్కడికి కోళ్లని రానివ్వమండీ, కోళ్లగూట్లో కాపురం ఉండేవాళ్లని అసలే రానివ్వం" అన్నాడతను. సరిగ్గా అప్పుడే బెర్నీస్ లోపల గుడ్డు పెట్టి ఊరంతా వినబడేలా చాటింది.

వెనక్కి పంపేశారు. ఇంకెక్కడికి వెళ్తాం. పక్కనే ఇసుక మీదికి బండ్లు పోయే దారుంటే దిగాం. గట్టి ఇసుక, బల్లలా చదును, ఒక్క మనిషి లేడు. ఇంత మంచి చోటు వదిలేసి జనం పైన ఇరుక్కుని చస్తున్నారేమిటని వెండల్ నవ్వాడు. అలవాటు కొద్దీ నాలుగు జాకీలు దించి, పికప్ లాగేశాడు. కట్టెలు తెద్దామని ఊళ్లోకి వెళ్లాం. బెర్నీస్ నా ఒళ్లో ఉంది.

అమ్మా, మా మోంటానాలో నీళ్లు పెట్టిన చోటే ఉంటాయి. చెరువు లేచి మనిషి వెంట రావడం అక్కడెవరూ వినలేదు. తిరిగొచ్చేసరికి క్యాంపర్ మోకాల్లోతు నీళ్లలో నిలబడి ఉంది. చూస్తుండగానే జాకీలు వదిలి తేలింది. కాసేపు బాగానే తేలింది కూడా. తర్వాత రాళ్లకి కొట్టుకుని పోయింది.

తీరం చూసే పోలీసాయన వచ్చి, ఇది పోటు, రోజుకి రెండుసార్లు వస్తుంది, అందుకు చంద్రుడు కారణం అని చెప్పాడు. మీ క్లెయిమ్ కాగితంలో నష్టానికి కారకులెవరు అన్న చోట అలాగే రాశాను. చిరునామా అడిగిన గడి ఖాళీగా వదిలేశాను. మీరు పడ్డ శ్రమంతా నీళ్లపాలైంది. మీకు ఆఫీసులో మాట రాకుండా ఉండాలంటే ఈ క్లెయిమ్ చింపేయండి, మేమేమీ అనుకోం. రేపు ఇంటికి బయల్దేరుతాం.

వెండల్ మొన్నటి నుంచీ ఒకటే మాట. నీకు సముద్రం సరిగ్గా చూపించలేకపోయానే అంటాడు, మళ్లీ తలవంచుకుంటాడు.

ప్రేమతో,
నోరీన్

తా.క.: ఇది మీ ఒక్కరికే చెబుతున్నాను, ఆయనతో అనకండి. సముద్రం నేనెప్పుడో చూశాను. పెళ్లికి ముందు మా అక్క ఊళ్లో రెండేళ్లున్నానని చెప్పాను, ఆ ఊరు ఎక్కడని ఆయన అడగలేదు. తీరం మీద చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పని. ఆ వాసన నాకు ఇప్పటికీ గిట్టదు. చూడనిది ఆయనే. నలభై ఏళ్లు గోధుమలు దించడం, వెనక్కి తిరగడం. తన కోసమంటే గుమ్మం దాటే మనిషి కాదు, నా కోసమంటేనే కదులుతాడు, అందుకని ఊరుకున్నాను. ఇసుక మీదికి దిగగానే ఆయన బండి ఆపి, స్టీరింగ్ వదిలేసి, నోరు తెరుచుకుని చూశాడు. సూటిగా చూస్తే నాకు మొహం కనబడదు కదా, అందుకని తల సముద్రం వైపు తిప్పి, కంటి అంచుతో ఆయన్నే చూశాను, పోటు సంగతి కూడా మరిచి పూర్తిగా చూశాను. నేను నీళ్లని చూస్తున్నాననుకుని, "కనిపిస్తోందా నోరీన్?" అని అడిగాడు. కనిపిస్తోంది అన్నాను.