రెండు మంచాలకు ఒక తలాపు పలక

డిసెంబర్ 11
నాన్న మాస్కో నుంచి మా ఊరు కొచ్‌కోర్ వచ్చి వారమైంది. వసంతం దాకా ఉంటాడట. ఆ తర్వాత సంగతి ఎవరూ అడగలేదు. అమ్మది ఒక ఇనప మంచం. నాన్నది ఎదురు గోడకు ఇంకో ఇనప మంచం. మధ్యలో పొయ్యి. మాస్కోలో ఆయనకు ఇంకో సంసారం ఉందని అమ్మకు తెలుసు. నాకు తెలుసని అమ్మకు తెలియదు.

డిసెంబర్ 12
రెండు మంచాలూ కలిపేస్తాను. రెండింటికీ కలిపి ఒకటే తలాపు పలక, బజారులో డబుల్ బెడ్లకు ఉన్నట్టు మెత్తగా. అక్కడ ధర అడిగాను. అడిగి బయటికొచ్చేశాను. నేనే చేస్తాను.

డిసెంబర్ 15
పక్కింటి బురుల్ పెద్దమ్మ పాత ఆపిల్ పెట్టెలు ఇచ్చింది. ఎందుకో చెప్పాను. ‘ఓసి పిచ్చిమొహమా, గొర్రెను గుంజకు కట్టినట్టు మీ నాన్నను మంచానికి కట్టేస్తావా?’ అని పగలబడి నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి, లోపలికెళ్ళి ఇంకో పెట్టె తెచ్చింది.

డిసెంబర్ 19
మేకులు పీకి, వంకరలు తీసి, మళ్ళీ కొట్టాను. వేళ్ళ నిండా పేళ్ళు. లోపల పాత బొంత దూది, పైన కొట్టు గదిలో చిరిగి పడున్న ఉన్ని కంబళి. చిరుగుల దగ్గర అతుకులు వేశాను. అతుకు. ఎంత మంచి మాట! కలిసిందని చెప్పేదీ అదే, ఒకప్పుడు విడిగా ఉందని చెప్పేదీ అదే.

డిసెంబర్ 23
నాన్న కొట్టంలోకి వచ్చాడు. వెనకాల అడ్డబద్ద వెయ్యకపోతే ఊగుతుందన్నాడు. తనే కోసి స్క్రూలు బిగించాడు. ఎవరికే ఇది అన్నాడు. మీ ఇద్దరికీ అన్నాను. ‘చాలా వెడల్పుందే తల్లీ’ అన్నాడు. ఫోన్ మోగింది. అంత మంచులోకి టోపీ కూడా లేకుండా వెళ్ళాడు.

డిసెంబర్ 28
అమ్మ పాలు అమ్మడానికి వెళ్ళినప్పుడు మంచాలు కలిపాను. పలక పట్టే గోడ ఒక్కటే ఉంది, తలుపుకు ఎదురుగా. అక్కడే నిలబెట్టాను. ఎంత బాగుందో!

అమ్మ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. ‘ఎవర్ని సాగనంపడానికే ఇది? కాళ్ళు గుమ్మం వైపా?’ అంది. మా వైపు శవాన్నే అలా పడుకోబెడతారు. పసిపిల్లకైనా తెలుసు. నేను గోడ కొలిచాను గానీ తలుపు వైపు చూడలేదు.

అమ్మ వెనకే వచ్చిన నాన్న నవ్వేశాడు. ‘అక్కడ ఎనిమిదేళ్ళుగా గుమ్మం వైపే కాళ్ళు పెట్టి పడుకుంటున్నా. నాకేమైంది?’

‘అందుకేగా మా పాలిట పోయావు’ అంది అమ్మ.

అమ్మ పాలక్యాను కింద పెట్టింది. పలక దగ్గరికి వెళ్ళి ఉన్నిని అరచేత్తో ఒకసారి నిమిరింది. ఆయన వైపు చూడకుండానే అంది: ‘సరేలే. నువ్వు పడుకుంటానంటే నేనూ పడుకుంటా. కాళ్ళు ఎటుంటే ఏముంది.’

మా అమ్మ అడగడం నేను ఎప్పుడూ వినలేదు. అది అడగడమే.

నాన్న నేలకేసి చూశాడు. ‘ఎందుకులే, మనకు అచ్చిరాని పని. మధ్యకు కోసేద్దాం. ఎవరి మంచానికి వాళ్ళకు ఒకటి వస్తుంది’ అన్నాడు. నన్ను రంపం తెమ్మన్నాడు. తెచ్చాను. ఒక కొస గట్టిగా పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. ఎంత తిన్నగా కోశాడో.

డిసెంబర్ 29
రెండూ చక్కగా సరిపోయాయి.

ఫిబ్రవరి 3
నాన్న వెళ్ళాడు. పనికి రమ్మన్నారట. అమ్మ దారికి రొట్టె కట్టి ఇచ్చింది.

ఫిబ్రవరి 5
ముందుగదిలో చలి, ఆ మంచం మీద పడుకో అంది అమ్మ. పలక ఉన్నిలో ముఖం పెట్టి నాన్న తల వాసన కోసం వెతికాను. ఒట్టి గొర్రె వాసన.