‘మీ బండి ఖరారైంది’

అమ్మకు నమస్కారాలు.

ఈ ఉదయం ఆఫీసుకు వెళ్ళేసరికి నా కుర్చీని ఎవరో బల్ల కిందికి పూర్తిగా తోసి పెట్టారు. నేనెప్పుడూ అలా తోయను. మనిషి ఖాళీ చేసి వెళ్ళిన బల్లలా ఉంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

‘ఇక్కడ నేను క్షేమం’ అని రాసి కొట్టేశాను. ఒంట్లో బాగానే ఉంది, మిగతాది కింద రాస్తున్నాను. నువ్వూ చెల్లీ ఎలా ఉన్నారో ఉన్నదున్నట్టు రాయి. నీ మోకాలి నొప్పి సంగతి దాచకు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. కళ్ళద్దాలు మార్పించాను. పొద్దున ఏదో ఒకటి తినే బయల్దేరుతున్నాను. ఫోన్ చేస్తే ఎత్తవేమిటని మళ్ళీ అడిగావు. ఫోన్ మోగితే నాకెంత దడో నీకు తెలియనిదా? మోత ఆగేదాకా దాన్నే చూస్తూ కూర్చుంటాను. ఆగాక నీకు ఉత్తరం మొదలుపెడతాను.

ఇక అసలు ప్రశ్న. “తప్పుల్ని పట్టుకోవడమే కదుటే నీ పని? పట్టుకోకూడదని ఆఫీసులో పోట్లాటేమిటే, మూగనోమూ?” అన్నావు. చాలాసేపు నవ్వుకున్నాను.

మాది రోగులను డయాలిసిస్‌కు తీసుకెళ్ళే బండ్ల వెబ్‌సైట్. వివరాలు నింపి నొక్కితే, బుకింగ్ రాసుకుని ‘మీ బండి ఖరారైంది’ అని చూపిస్తుంది. ఒక్కోసారి ఆ రాసుకోవడం కుదరదు. అప్పుడు ప్రోగ్రాం లోపల ఒక కేక పెడుతుంది. దాన్నే ఎక్సెప్షన్ అంటాం. మా టీమ్ లీడ్‌ను చాటుగా సర్దుబాటు సార్ అని పిలుచుకుంటాం. ఆయన ప్రతి కేకనూ పుట్టినచోటే పట్టుకుని నోరు నొక్కేశారు. బుకింగ్ పోయినా తెర మీద ఖరారైందనే వస్తుంది.

పట్టుకున్నవాడు ఏదైనా చేయగలగాలి కదమ్మా. ఎవరో పొరపాటున నిన్నటి తేదీ వేశారనుకో, అది రోజూ జరిగేదే. ముందే చూసి ‘తేదీ సరిచేయండి’ అంటే సరిపోతుంది, కేక దాకా పోనక్కర్లేదు. బండి ఖరారయ్యాక మెసేజ్ వెళ్ళలేదనుకో, అక్కడే పట్టుకుని కాసేపాగి మళ్ళీ పంపొచ్చు. అసలు బుకింగే రాసుకోలేకపోతే? మధ్యలో ఉన్న కోడ్ చేయగలిగిందేమీ లేదు. కేకను పైకి పోనివ్వాలి. పైన ఒకే చోట పట్టుకుని, జరిగింది మాకు తెలిసేలా నమోదు చేసి, ఎదుటి మనిషికి ‘కాలేదు, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని చెప్పాలి. కాన్వెంటు బడిలో లెక్కలు చెప్పిన సిస్టర్ కోరింది కూడా ఇదే. తెలియకపోతే చెయ్యెత్తి తెలియదనమనేది. తెలిసినట్టు తలూపితే బల్లెక్కించేది.

పోయిన ఉత్తరంలో ఒకావిడ సంగతి రాయలేదు. నేరుగా ఆఫీసుకే వచ్చి, నా బల్ల ముందు నిలబడి తన ఫోన్ చూపించింది.

“ఖరారైంది అనే ఉంది కదమ్మా, చూడు. మా ఆయనకు చొక్కా తొడిగి, గుమ్మంలో కూర్చోబెట్టాను. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాడు.”

మా దగ్గర ఆయన పేరే లేదు. సాయంత్రానికి ఊపిరాడక ఆసుపత్రిలో చేర్చారట. ఇప్పుడు తేరుకున్నాడు.

ఆ నోరు నొక్కుళ్ళన్నీ తీసేశాను. పక్క టీమ్ సీనియర్ చూసి సరేనన్నాక, శుక్రవారం అది జనం వాడే సైట్‌లోకి వెళ్ళింది. ఆ సాయంత్రమే సార్ అందరినీ మీటింగ్ గదిలోకి పిలిచారు.

“‘కాలేదు’ అని మన సైటే చెబితే మన పరువేం కావాలి? పాతది పెట్టెయ్.”

“పెట్టను సార్.”

“అబ్బో, ఈ పిల్లకు నోరుందే!” అన్నారెవరో వెనక నుంచి.

“చిన్నదానివి, సర్దుకుపోవడం నేర్చుకోవాలమ్మా,” అన్నారు సార్.

“గుమ్మంలో కూర్చున్నాయన ఏం సర్దుకోవాలి సార్?”

“సరే, జనం ఫోన్లు చేస్తారు. ఎత్తేదెవరు? నువ్వా?”

అందరూ నవ్వారు.

దాచిన మాట ఇదే. సోమవారం లోపు పాతది పెట్టకపోతే వేరే ఉద్యోగం చూసుకోమన్నారు. ఈరోజు సోమవారం. పెట్టలేదు, పెట్టను. సర్దుకుపొమ్మని రాయాలని నీ చెయ్యి లాగుతుంది. ఈ ఒక్కసారికి రాయకు. చిన్నప్పటి నుంచీ సర్దుకుంటూనే ఉన్నాను, అది నాకు బాగా వచ్చు. ఇది వేరొకరి బండి.

చెల్లిని బాగా చదువుకోమను. నువ్వు ఫోన్ చేసినప్పుడు లైను కలవకపోతే కంగారుపడకు, కాసేపాగి మళ్ళీ చెయ్యి. కొత్త తెర మీద ‘కాలేదు’ కింద ఇచ్చిన నంబరు నాది. ఇప్పుడు ఎత్తుతున్నాను.

ఇట్లు,
నీ మూగనోము